నాలుగో గులాబీ

నా చిన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులు ఒకటా రెండా! అయినా గులాబీల పోటీలో చేసినదాన్ని తలచుకుంటే మాత్రం ఈ వయసులోనూ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

మద్రాసులో, పురసవాక్కంలో మా ఇల్లు. మా మేనత్త మాతోనే ఉండేది. మేడమీద కుండీల్లో గులాబీలు పెంచి, ఏటా చలికాలంలో తోటల క్లబ్బువాళ్ళు పెట్టే పూల పోటీకి పట్టుకెళ్ళేది. అక్కడికి వచ్చేవాళ్ళంతా బంగళాలూ తోటమాలులూ ఉన్నవాళ్ళు. అత్తకున్నవి పదిహేను కుండీలు, ఒక బొక్కెన. రెండేళ్ళు వరసగా రెండో బహుమతి వచ్చింది. ఒక్కసారి మొదటిది వస్తే చాలనేది. ఇంట్లో అందరూ ఆమె పిచ్చి చూసి నవ్వేవాళ్ళు, మా నాన్నతో సహా.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళింది. తెల్లవారుజామునే పూలు కోసి, కాడలు మెడదాకా నీళ్ళలో ముంచి, దారిలో విచ్చుకోకుండా రేకుల చుట్టూ మెత్తటి నూలుదారం కట్టి, రిక్షాలో ఆ బొక్కెనను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా విభాగానికి రూలు ఒకటే: ఒకే రకం గులాబీలు మూడు, మూడూ ఒకేలా విచ్చుకున్నవి. హాల్లో దారాలు విప్పి, ఆకులు తడిగుడ్డతో తుడిచి, గాజు జాడీలో ఆ మూడింటినీ నిలబెట్టేసరికి గంట పట్టింది. ఏదైనా విరిగితే పనికొస్తుందని తెచ్చిన నాలుగోది బొక్కెనలోనే ఉంది. జడ్జీలు వస్తున్నారని అందరినీ బయటికి పంపుతున్నారు. అప్పుడే పేరు చీటీ రాయించుకొచ్చిన అత్త, గుమ్మం దగ్గర ఆ చీటీని నా చేతికిచ్చి, జాడీ ముందు పెట్టి బొక్కెన తెమ్మంది.

పెట్టాను. రూలు సంగతి నాకెవరూ చెప్పలేదు; చూస్తే మూడు పూలు! మా ఇంట్లో మూడు దోసెలు వడ్డించరు, మూడు పళ్ళు ఎవరి చేతికీ ఇవ్వరు. మూడో ఇడ్లీ వేస్తే మా అవ్వ పక్కన చిన్న ముక్కైనా వేసి నాలుగు చేసేది. పోటీకి వచ్చి ఈ అశుభమేమిటనుకుని, నాలుగోదాన్ని జాడీలో గుచ్చి, అత్తకి ఎంతో మేలు చేశానని మురిసిపోతూ బయటికి వచ్చాను.

తలుపులు తెరిచాక మా జాడీ ముందు రూలు ప్రకారం లేదని ఇంగ్లీషులో రాసిన కాగితం ఉంది. అసలు పూలవంక చూడనేలేదట. ఆ ఒక్కటీ తీసి పక్కన పెడితే వాళ్ళ సొమ్మేం పోయేది? జడ్జీల్లో ఒక పెద్దాయన, ఇన్నేళ్ళుగా వస్తున్నారు, మూడు దాకా లెక్కపెట్టడం రాదా అని అరవంలో అడిగాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. అత్త జాడీని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నేనే పెట్టినాను సార్. మా ఇండ్లల్లో మూడు పెట్టరు. చెయ్యి ఊరుకోలా" అంది.

ఇంటికి వస్తూ నేను రిక్షాలో ఏడుస్తుంటే, "ఎందుకుమే ఏడుస్తా ఉండావు, పూలేమీ వాడిపోలా గదా" అని ఊరుకుంది. చెంపమీద ఒక్కటిచ్చినా నాకు హాయిగా ఉండేది. ఆ పెట్టింది నేనేనని ఆమె ఉన్నన్నాళ్ళూ నా నోటితో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

మరుసటేడు నేను రానంటే రానని మొండికేశాను. వినలేదు. హాలు గుమ్మం దగ్గర ఆగి బొక్కెన నా చేతికిచ్చింది.

"పొయ్యి నువ్వే పెట్టు. నేను ఈడనే ఉంటా."

ఎన్నిసార్లు సరిచేసినా ఒక పువ్వు వంకరగానే నిలబడింది. ఆ ఏడు మాకు ఏ బహుమతీ రాలేదు. అత్తకి మొదటి బహుమతి ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఏదైనా పాడుచేస్తే తిట్టు నోటిదాకా వస్తుంది. మింగేసి, ఆ పనే మళ్ళీ దాని చేతికిస్తాను, పళ్ళు కొరుక్కుంటూనే. అంతవరకు నేర్చుకున్నాను. కానీ అత్త ఆరోజు గుమ్మం దాటి లోపలికి రాలేదు. నేను మాత్రం ప్రతిసారీ వెళ్ళి తొంగిచూస్తాను.