చెవి వెనక చుక్క

కూతురి మాట విని రాజలింగు చేసిన ఆఖరి పని, స్టూలు మీద కూర్చుని కుడి చెవిని ముందుకు మడిచి పట్టుకోవడం. కూతురు రజిని అగ్గిపుల్ల కొసన కొత్త తలరంగు అద్ది ఆ చెవి వెనక చిన్న చుక్క పెట్టింది.

"ఎల్లుండి దాకా గాడ నీళ్ళు తగలొద్దు నాయినా. మండినా, దురదవెట్టినా చెప్పు."

"ఇది గూడ పడదు బిడ్డా. సూస్తవు గద."

"ఇంకా ఆరనే లేదు. నీకెట్ల ఎరుక?"

"నా తోలు సంగతి నాకు ఎరుకుండదా?"

నవ్వి, సంచి చంకలో పెట్టుకుని, చౌరస్తాలో చాయ్ తాగొస్తానని గేటు దాటాడు.

తార్నాకలోని ఆ అపార్ట్‌మెంట్‌కు రాజలింగు చాలా ఏళ్ళుగా వాచ్‌మన్. మెట్ల కింది గదే ఆ తండ్రీకూతుళ్ళకు ఇల్లు. ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. అసోసియేషన్ సెక్రటరీ కామాక్షి గారు నెల కిందటే దిగివచ్చి చెప్పింది.

"రోజులు బాగాలేవు, ముసలి వాచ్‌మన్ ఎందుకని పై ఫ్లాట్ల వాళ్ళు గొణుగుతున్నారు రాజలింగూ. మీటింగులో మాటొస్తుంది. ఈలోగా ఆ తలకి కాస్త రంగేసుకో, మిగతాది నేను చూసుకుంటాను. మా ఆయన వేసుకోవట్లా?"

"సారుకు మిగిలినయే పిడికెడమ్మా. నాకు తలనిండ ఉన్నయి. ఎన్ని ప్యాకెట్లు గావాలె?"

ఆవిడ నవ్వాపుకోలేక మెట్లెక్కింది. రజినికి నవ్వు రాలేదు. ఈ గది పోతే ఎక్కడికి పోవాలి?

రజిని బ్యూటీ పార్లర్‌లో పనిచేసేది. రంగు వేసిన మర్నాడే ముఖమంతా ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి వచ్చిన ఒకావిడను చూసినప్పటి నుంచి, చుక్క పెట్టి రెండు రోజులు ఆగకుండా ఎవరి తలా ముట్టుకునేది కాదు. పోయినసారి పడిందన్నా వినేది కాదు. అలాంటిది సొంత తండ్రి దగ్గర వదిలేస్తుందా? మొదటి రంగుకు చెవి వెనక ఎర్రగా కందింది. కంపెనీ మార్చి పెట్టిన రెండోదానికి చిన్న పొక్కు కూడా లేచింది. ఇది మూడోది. ఆదివారమే మీటింగు.

ఆ సాయంత్రం ఆమె గదిలో నిలవలేకపోయింది. డిసెంబరులో ప్రకటించిన ప్రత్యేక రాష్ట్రం వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయాక పక్కనున్న యూనివర్సిటీ కుతకుత ఉడుకుతోంది. గేటు దగ్గర ముళ్ళకంచెలు, పోలీసులు. గాలి ఇటు తిరిగితే నినాదాలు వినిపిస్తాయి. ఆ దిక్కు పోవద్దని తండ్రి చేత ఒట్టు వేయించుకుంది. అయినా ఇంటి గేటు చప్పుడైన ప్రతిసారీ లేచి చూసింది. కూర్చుంది. గిన్నె మూత తీసింది, పెట్టింది. ఎప్పటికో వచ్చాడు. చొక్కా విప్పి మేకుకు తగిలిస్తుంటే వెల్లుల్లి వాసన వచ్చింది.

"చాయ్‌ల ఎల్లిగడ్డ ఏస్తుండ్రా నాయినా?"

"మిర్చీ తిన్న బిడ్డా," అన్నాడు.

తెల్లవారుజామున పాలప్యాకెట్ల కోసం దిగిన కామాక్షి గారు పిలిస్తే రాజలింగు గేటు దగ్గరి కాపలా కుర్చీలోంచి పలకలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

స్నానం పోయించేటప్పుడు రజిని ఆ చెవి మడిచి చూసింది. చుక్క నల్లగా, దిష్టిచుక్కలా ఉంది. చుట్టూ చర్మం తేటగా ఉంది. ఎరుపు లేదు, వాపు లేదు. ఇది పడేటట్టే ఉన్నదని నోటిదాకా వచ్చింది. ఎవరికి చెప్పాలి?

దినాలకు మేనత్త కొడుకు నరేందర్ వచ్చాడు. ఆ యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నవాడు.

"మెస్ బందైనంక మామనే మాకు బియ్యం, కూరగాయలు తెచ్చెటోడు రజినీ. నీకు చెప్పొద్దన్నడు."

"గేటు కాడ పోనిస్తుండ్రా?"

"మమ్ముల కాలర్ వట్టి ఆపుతరు. మామ తల చూసి 'పో తాతా' అనెటోళ్ళు. సంచి గూడ చూడకపోదురు. ఈ తెల్ల వెంట్రుకలే నా పాస్‌రా అనెటోడు."

రజిని మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపింది.

"పోయేముందు మా దగ్గర ఎల్లిగడ్డ రెబ్బ ఒకటి అడిగి జేబుల ఏసుకునెటోడు. ఎందుకు మామా అంటే, చెవుకు రాసుకోనీకి అని నవ్వెటోడు. నాకు సమజ్ గాలే."

రజినికి అయింది. జుట్టు మచ్చలుగా ఊడే పేనుకొరుకుడుకని వెల్లుల్లి రుద్దుకుని చర్మం కాల్చుకున్నవాళ్ళను ఆమె పార్లర్‌లో చూసింది. కందడమూ, పొక్కడమూ అచ్చం అలాగే ఉంటాయి.

లేచి మేకుకున్న చొక్కా దించి జేబులో చెయ్యి పెట్టింది. ఒక రెబ్బ దొరికింది. దాన్ని ఇంకా ఒలవలేదు.