మార్తమ్మ అడిగిన నాలుగు ఉదయాలు

వ్యాను ప్రతిష్ఠ ప్రార్థనలో పాస్టరు పాల్ అయ్యగారు ఆమేన్ అనకముందే లోపలి మంచం విరిగింది. అది ఇద్దరు పడుకోవడానికి చేసిన మంచం. ఆ సమయంలో దాని మీద తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. దెబ్బలేమీ తగల్లేదు. కళ్లు మూసుకున్నవాళ్లు మూసుకున్నట్టే కిందికి దిగి, ప్రార్థన ముగిశాక లేచారు.

కొండపల్లిలో ఆ చర్చి సంఘం వాళ్లకు మార్తమ్మ అంటే వంట. ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండొందల మందికి వండింది. రిటైరయ్యాక కూడా ఎవరి పెళ్లయినా, ఎవరు పోయినా గరిటె ఆమె చేతికే వచ్చేది. వద్దనడం ఆమెకు రాదు.

భర్త జయపాల్ థర్మల్ స్టేషన్లో చేసి రిటైరైన మనిషి. స్కూలు పిల్లల్ని తిప్పిన పాత వ్యాను ఒకటి కొని, ఆటోనగర్‌లో మెకానిక్ రిజ్వాన్ చేత అందులో మంచం, పొయ్యి, సింకు పెట్టించాడు. మార్తమ్మ మోకాళ్లు ఎక్కువసేపు కూర్చోనివ్వవు కనుక రోజుకు గంట, మహా అయితే గంటన్నర ప్రయాణం. మొదటి రోజు ఉయ్యూరు, తర్వాత చల్లపల్లి, అవనిగడ్డ, ఆఖరికి హంసలదీవి దగ్గర సముద్రం. కాలవ గట్టున నీడ ఎక్కడుంటే అక్కడ ఆగడం, తిండి హోటల్లో.

ఇంత ప్లానులోనూ ఆమె అడిగింది ఒక్కటే.

"ఎవరింటి గుమ్మం ఎక్కొద్దండీ. నాలుగు రోజులు పొద్దున్నే లేచి ఎవరికీ ఏమీ వండను."

"నువ్వు అడిగాక కాదంటానా" అన్నాడు జయపాల్.

తలుపుకు లోపలి వైపు గడియ కూడా పెట్టమని ఆమె రిజ్వాన్‌కు చెప్పింది.

"లాక్ ఉందిగా అమ్మా, మళ్లీ గడియెందుకు?"

"తాళంచెవి ఆయన దగ్గరుంటుంది నాయనా."

ఇదంతా మంచం విరగకముందు మాట. విరిగాక అందరూ బట్టలు దులుపుకుంటుండగా పాల్ అయ్యగారు, "ఏయే ఊళ్లు బ్రదర్? పేరుపేరునా ప్రార్థిద్దాం" అన్నారు. జయపాల్ జేబులోంచి కాగితం తీసి తేదీలతో సహా గట్టిగా చదివాడు. వెనక నుంచి మార్తమ్మ ఆయన చొక్కా లాగింది. విరిగిన చెక్కకు తగులుకుందనుకుని ఆయన విదిలించుకున్నాడు.

సాయంత్రానికి ఉయ్యూరు నుంచి ఆయన చెల్లెలు సువార్తమ్మ ఫోను.

"మా వీధి మీంచి పోతూ కాలవ గట్టున పడుకుంటావా అన్నయ్యా? నేను గెంటేశాననుకోరూ? ఆ రాత్రికి మా ఇంట్లోనే. బిర్యానీకి ఏమేం కావాలో వదినని చెప్పమను, తెప్పించి ఉంచుతా."

మర్నాడు పాల్ అయ్యగారు చల్లపల్లిలో తన స్నేహితుడింట్లో వీళ్లు వెళ్లే రోజుకు ప్రార్థన కూడిక పెట్టించారు. నలభై మంది వస్తారట. "సిస్టర్ చేతి పప్పుచారు సంగతి అక్కడ ముందే చెప్పేశాను" అని కూడా అన్నారు.

ఆ తర్వాత అవనిగడ్డ నుంచి ఆమె సొంత తమ్ముడు ఇశ్రాయేలు. "సముద్రానికి మేమూ వస్తాం బావా. చేపలు నేను కొంటా, పులుసు అక్క చూసుకుంటుంది."

జయపాల్ ఎవరికీ కాదనలేదు. ప్రతిసారీ కాగితంలో ఒక గట్టు కొట్టేసి ఒక ఇల్లు రాసుకున్నాడు. బుధవారానికి అందులో గట్లు అయిపోయాయి.

"అయినవాళ్లతో మాట పడటమెందుకు మార్తా? ఒక్కొక్క పూటేగా" అన్నాడు.

మార్తమ్మకు హాస్టల్లో ముప్పై ఒక్క ఏళ్లూ అలా ఒక్కొక్క పూటే గడిచాయి. ఇన్నేళ్లలో ఈ మనిషిని తనకోసం అడిగింది ఒక్కసారి. ఇస్తానన్నదాన్ని ఆయన నవ్వుతూ నలుగురికీ పంచి వచ్చాడు. పంచానని కూడా ఆయనకు తెలియదు.

బయల్దేరాల్సిన రోజు వీధి చివరి హోటల్ నుంచి ఫ్లాస్కులో టీ తెచ్చుకుంది. ఇంటి ముందున్న వ్యానెక్కి, రిజ్వాన్ బాగుచేసిన మంచం మీద కాళ్లు చాపుకుని, లోపల గడియ పెట్టుకుంది. టీలో పంచదార ఎక్కువైంది. అయినా తాను పెట్టని టీ. మెల్లగా తాగింది.

సంచులు మోసుకొచ్చిన జయపాల్ తలుపు రెండుసార్లు లాగి, కిటికీ దగ్గరికొచ్చాడు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

"ఏంటిది మార్తా? అవతల సువార్త బియ్యం నానబెట్టుకుని కూర్చుంది, ఇప్పటికి మూడుసార్లు చేసింది. నువ్విలా గడియ పెట్టుక్కూర్చుంటే దానికి నేనేం చెప్పను?"

"నేను ఊళ్లో లేనని చెప్పండి."