ఏడు దెబ్బలు అనుకున్న గుండె

గ్రీసులో, సెర్రెస్ కొండల్లో మా ఊరి పెళ్ళిళ్ళకు నలభై ఏళ్ళుగా డోలు స్టెర్యోస్‌దే. చేతులు పట్టుకుని వరసగా ఆడేవాళ్ళలో ముందున్నవారి పాదం మీదే కన్నుంచి వాయిస్తాడు. మా ఆటల్లో లెక్క సమంగా ఉండదు. ఏడు దెబ్బలుంటాయి, మూడు దెబ్బలకు ఒక అడుగు సాగుతుంది, తర్వాతి రెండడుగులూ రెండేసి దెబ్బల పొట్టివి. కొత్తవాళ్ళకు కుంటుతున్నట్టు వినిపిస్తుంది.

ఆ అలవాటే అతణ్ణి మోసం చేసింది. శీతాకాలం నుంచి గుండె తడబడుతుంటే, ఏడు వాయిస్తోందిలే అనుకుని ఊరుకున్నాడు. భార్య వాయాకు కూడా చెప్పలేదు. ద్రాక్షతోటలో కళ్ళు తిరిగి కూలబడ్డాక, ఆమే అతణ్ణి నా కారులో ఆసుపత్రికి లాక్కొచ్చింది.

డాక్టరు దనాయి మా ఊరి పిల్లే. చాలాసేపు విని, చెవుల్లోంచి గొట్టాలు తీసింది.

"అరిత్మియా, బాబాయ్."

"అంటే?"

"రిత్మోస్ అంటే లయ. ముందు 'అ' పెడితే లేదని. మన పాత మాటే. నీళ్ళు పారడానికి వాడే మాటలోంచి పుట్టిందంటారు. లోకంలో డాక్టర్లంతా మన దగ్గరే పుచ్చుకున్నారు."

"మాట పట్టుకుపోయారుగా, జబ్బు కూడా పట్టుకుపొమ్మను."

వాయా నవ్వలేదు.

"రక్తం గడ్డకట్టి తలకెక్కితే కాలూ చెయ్యీ పడిపోతాయి. ఇవాళే సలోనికా పెద్దాసుపత్రికి వెళ్ళాలి," అంది దనాయి.

"ఆదివారం పెళ్ళుంది. నాకు లయ లేదంటావా? నీ పెళ్ళిలో కాళ్ళు బొబ్బలెక్కేదాకా ఆడావే, ఎవరి లయకు? ఇది ఏడు దెబ్బలది. నీ గొట్టానికేం తెలుసు?"

"అయితే నీ గుండె కొట్టినట్టే వాయించు. ఒక చెయ్యి మెడ నరం మీద, ఒకటి బల్ల మీద. పిన్నీ, నువ్వు ఆడు."

స్టెర్యోస్ వేళ్ళు బల్ల మీద మోగాయి. వాయా పాదమెత్తింది. ఒకటి సాగింది, రెండు పొట్టివి పడ్డాయి. తర్వాత ఏమీ లేదు. ఉన్నట్టుండి మూడు తరుముకొచ్చాయి.

"ఎక్కడ దించనయ్యా?"

"ఉండవే, మళ్ళీ వస్తుంది."

రాలేదు.

"కుంటినా ఫర్వాలేదు బాబాయ్. తిరిగొస్తేనే కదా లయ," అంది దనాయి మెల్లగా.

అతను గాల్లో ఆగిన ఆ పాదాన్నే చూస్తున్నాడు. నలభై ఏళ్ళలో తన డోలు దాన్ని ఎప్పుడూ అలా నిలబెట్టలేదు. బల్ల మీది చెయ్యి తీసేశాడు.

"పెళ్ళివాళ్ళకు కబురు పంపాలి," అన్నాడు. "నా బట్టలు?"

"పొద్దున్నే సర్దాను."

సలోనికా దారంతా అతని వేళ్ళు మెడ మీదే ఉన్నాయి. వాయా ఆ చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి అది మళ్ళీ మెడ మీదకే పోయింది.