ఎనిమిదింటికి దుబాయి స్టేషన్

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, "ఎంతకిస్తవ్?" అని అడిగే రకం నేను. కోరుట్లలో మా నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. చేత్తో తడిమి చూడని సరుకును నమ్మడం మా ఇంటా వంటా లేదు. అందుకే ఇది రాయడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

మా ఆయన తొమ్మిదేళ్ల కిందట దుబాయి పోయాడు. కూతురు జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నేను సిరిసిల్లలో ఒక్కదాన్నే ఉంటూ గాజుల దుకాణం నడుపుకుంటున్నాను.

పోయేముందు ఆయన ఒకే రకం రేడియోలు రెండు తెచ్చాడు. ఒకటి తనకు, ఒకటి నాకు. అక్కడి హిందీ పాటల స్టేషన్ ఒకటి చలికాలంలో మన దాకా వస్తుందట. రోజూ మనకు ఎనిమిదైనప్పుడు అక్కడ ఆరున్నర. ఆ వేళకు ఇద్దరం ఒకే పాట వినాలని ఒప్పందం. ఫోన్లో మాట్లాడుకోవడం ఉండనే ఉంది. కానీ అందులో ఫీజులు, మందులు, వీసా తప్ప ఇంకో మాట దొర్లదు. పాట అలా కాదు.

మొదట్లో గరగర తప్ప ఏమీ రాలేదు. చుట్టూ మరమగ్గాలు. వాటిని మేం సాంచలంటాం. నేను తెలివిగలదాన్ని కదా, జగిత్యాల పోయి గంటసేపు బేరమాడి, చెప్పిన ధరలో సగానికి పొడుగాటి యాంటెన్నా తెచ్చి బిగించాను. ఆయన ఫోన్లో పడీపడీ నవ్వాడు.

"గది ఎఫ్ఎంకే పిల్లా! గీ స్టేషన్‌కు యాంటెన్నా లోపట్నే ఉంటది, నల్ల కడ్డీ. రేడియోనే తిప్పాలె."

కడ్డీ స్టేషన్‌కు అడ్డంగా ఉంటేనే పట్టుకుంటుందట; దుబాయి మనకు పడమర కాబట్టి రేడియోను పొడవుగా ఉత్తర దక్షిణాలుగా పెట్టాలి. పడమటి కిటికీలో ఉండాలి, ఇనుప బీరువాకు దూరంగా. కరెంటు గరగర కలవకుండా ఎల్ఈడీ బల్బు ఆర్పాలి, ఫ్రిజ్ ఆపాలి. అన్నీ చేశాక, నూతిలోంచి పైకి వచ్చినట్టు ఒక గొంతు వచ్చింది. కిటికీ అరుగు మీద బొగ్గుతో గీత గీసుకున్నాను. ఆ తర్వాత ప్రతి చలికాలం చీకట్లో కూర్చుని విన్నాను. ఆ గొంతు టైం చెప్పినప్పుడల్లా ఈ మాట ఆయన చెవిలో కూడా పడింది అనుకునేదాన్ని. అది చాలా పెద్ద తోడు.

పక్కింటి సత్తక్క మా అరుగు మీద బీడీలు చుడుతుంది. పోయిన చలికాలం ఆమె కూడా విన్నది. "ఏందే, మన గడియారంల ఎనిమిదైతే గాయిన ఆరున్నర అంటుండు? వానికి బుద్ధి లేదా?" అని నవ్వింది.

ఎప్పుడూ ఎండాకాలంలో వచ్చే ఆయన ఈ ఏడు చలికాలంలో సెలవు మీద వచ్చాడు. మొదటి రోజు ఎనిమిదికి ముందే బల్బు ఆర్పి, ఫ్రిజ్ ఆపి, రేడియోను గీత మీద పెట్టాను. పక్కనే కూర్చుని వినబోతున్నామని నాకు కొత్త పెళ్లికూతురంత సంబరం.

"ఇంకా గిది పెడుతున్నవా?" అన్నాడు ఆయన. "గా స్టేషన్ బందై రెండేండ్లాయె."

"మరి నువ్వేం వింటున్నవయ్యా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "నా రేడియో పోయిన ఏడే ఖరాబైంది. నిరుడు గాదు, నేను దుబాయి పోయిన ఏడు. చెప్తే నీ మనసు నొస్తదని చెప్పలే."

అంటే ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లు నేనొక్కదాన్నే విన్నాను. ఇంత బేరగత్తెను, ఇంత మోసపోయాను.

ఆ రోజు గరగర తప్ప ఏమీ రాలేదు. ఆయన ఉన్న నలభై రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. సత్తక్క వచ్చి "పోయిన చలికాలం మేమిద్దరం విన్నం" అని సాక్ష్యం చెప్తే, "మీకు చెవులు ఎక్కువైనయ్" అన్నాడు.

ఆయన వెళ్లిన మర్నాడు కోపంతో రేడియోను ఇనుప బీరువా మీద, తూర్పు పడమరలుగా పెట్టి ఆన్ చేశాను. అలా పెడితే దగ్గరి స్టేషనే సరిగా పలకదు. రాదని నాకు నేనే రుజువు చేసుకోవాలనుకున్నాను. బల్బు వెలుగుతోంది. ఫ్రిజ్ నడుస్తోంది. వీధంతా సాంచలు ఆడుతున్నాయి.

ఎనిమిదికి ఇంకా ఐదు నిమిషాలుండగా పాట వచ్చింది. గరగర లేకుండా, గదిలోనే పాడుతున్నట్టు. రేడియోను నాలుగు దిక్కులకూ తిప్పాను. గొంతు ఎటూ తగ్గలేదు. సరిగ్గా ఎనిమిదికి ఆ పాత గొంతే టైం చెప్పింది. ఆరున్నర.

బయట సత్తక్క బీడీ చేట పక్కన పెట్టి, "మీ ఆయన అటు పోంగనే మల్ల అచ్చిండా గాయిన?" అంది. ఈసారి నవ్వలేదు.

రిపేరు షాపులో చూపిస్తే రేడియోలో ఏ లోపమూ లేదన్నారు. దూరం నుంచి వేరే స్టేషన్ ఏదో దూరి ఉంటుందన్నారు. అలాగే ఉండొచ్చు. మరి ఆయన ఉన్న నలభై రోజులూ అది ఎక్కడికి పోయిందని అడిగితే, ఇంకో గిరాకీ చేతిలోని ఫోను అందుకున్నారు.

మా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. ఇప్పటికీ ఎనిమిదికి ఆన్ చేస్తూనే ఉన్నాను, వస్తూనే ఉంది. అటు చివర ఇంకొకరు వింటున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను కదా, ఇప్పుడూ అలాగే అనిపిస్తుంది. ఎవరో మాత్రం తెలియదు.