కాటా తాత వేలెత్తిన వారం

కుర్రాళ్ళు ఆయన్ని కాటా తాత అనేవారు. తూనికలు కొలతల ఆఫీసులో ముప్పై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన బజార్లోకి దిగాడంటే చాలు, ఈ చివరి నుంచి ఆ చివరికి దుకాణాల్లో గుసగుసలు మొదలయ్యేవి. తక్కెడ పళ్ళెం అడుగున అంటించిన మైనం ముద్దనీ, లోపల తొలిచేసిన గుండునీ దూరం నుంచే పట్టేసేవాడు. ఎవరు బతిమాలినా, ఎవరితో చెప్పించినా కాగితం మీద ఒకసారి రాసింది కొట్టేసేవాడు కాదు. సొంత బావమరిది కొట్టుకే సీలు వేసి, ఏడాదిపాటు అత్తవారింటి గడప తొక్కే వీల్లేకుండా చేసుకున్నాడు. "మా ఇంట్లో మొదటి భార్య కాటా, నేను రెండోదాన్ని" అని వాళ్ళావిడ నవ్వుతూ అనేది. ఆ ఏడాది మాత్రం నవ్వకుండానే అంది.

రిటైరైన మర్నాటికే బజారు ఆయన్ని మర్చిపోయింది. అంతకుముందు లేచి నిలబడిన వాళ్ళు ఇప్పుడు తలెత్తకుండా పొట్లాలు కట్టుకుంటున్నారు. ఆయన ఇంట్లో కూర్చుని పేపరు చదివేవాడు. వార్తలైపోతే టెండరు ప్రకటనలు కూడా చదివేవాడు. అలా ఏడాది గడిచాక, ఆటసామాన్ల దుకాణం నడిపే పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చాడు. పిల్లల క్రికెట్ లీగుకి సెక్రటరీ ఆయనే.

"ఆట తెలిసినవాళ్ళు ఊరినిండా ఉన్నారండీ. ఎవరి మాటా వినని మనిషి కావాలి నాకు" అన్నాడు.

ఆ మాటకి కాటా తాత పడిపోయాడు. పాత చట్టం పుస్తకాన్ని చదివినట్టే క్రికెట్ రూల్సూ చదివి, పరీక్ష పాసై, తెల్లకోటు కుట్టించుకున్నాడు. మైదానంలో పదమూడు మంది, గట్టు మీద వందమంది ఊపిరి బిగబట్టి తన చూపుడువేలి వైపు చూస్తుంటే ఆయనకి ఒంట్లోకి కొత్త రక్తం ఎక్కినట్టుండేది. అలా ఏడు సీజన్లు నడిచాయి.

ఎనిమిదో సీజనుకి నాలుగు నెలల ముందు కళ్ళ డాక్టరు చెప్పాడు, రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని, కుడికన్ను బాగా ముదిరిందని, వెంటనే ఆపరేషన్ చేయించుకోమని. ఇంటికొచ్చి భార్యతో "ఏం లేదు, నెంబరు మారిందట" అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడకి చెప్పిన మొదటి అబద్ధం బహుశా అదే.

రెండు కళ్ళకీ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషనై, కొత్త అద్దాలు వచ్చేసరికి సీజను పోతుందని లెక్కేసుకున్నాడు. ఒక్క సీజను పోయినవాళ్ళని మళ్ళీ పిలవడం ఆ లీగులో లేదు. ఆయనకి ముందున్న అంపైరు కాలు విరిగి ఒక ఏడాది మానేశాడు. ఇప్పుడు గట్టు మీద నిలబడి ఆట చూస్తుంటాడు, కుర్చీ వేసే దిక్కు లేదు. కాటా తాత ఆ మనిషిని తలుచుకున్నప్పుడల్లా డాక్టరు చీటీని చొక్కా జేబులో ఇంకాస్త లోపలికి తోసేవాడు.

లీగంతా ఒక్క వారమే. బడి సెలవుల్లో, పదహారేళ్ళ లోపు పిల్లలకి, ఎనిమిది జట్లతో. సోమవారం మొదలై ఆదివారం ఫైనలు. ఆ ఏడాది ఫైనలు చూడ్డానికి రాజధాని నుంచి అకాడమీ వాళ్ళు వస్తున్నారని, ఒక్క కుర్రాణ్ణి ఎంచుకుని హాస్టల్లో పెట్టి ఆట నేర్పిస్తారని చెప్పుకున్నారు.

సోమవారం పొద్దున మొదటి ఓవర్‌లోనే ఆయనకి సంగతి అర్థమైంది. బౌలరు చేతిలోంచి బంతి వదిలాక సగం దూరం దాకా ఎర్రగా కనిపిస్తుంది. ఆ తర్వాత అంతా పొగ. బ్యాట్స్‌మన్ ఒక తెల్లటి మసక, కీపరు దాని వెనక ఇంకో మసక. కానీ చెవులు బాగా పనిచేస్తున్నాయి. బ్యాటుకి తగిలితే ఒక చప్పుడు, ప్యాడ్‌కి తగిలితే ఇంకో చప్పుడు. దానికి తోడు పిల్లలు అప్పీలు చేసే గొంతులోనే నిజమెంతో తెలిసిపోతుందనుకున్నాడు. బుధవారం సాయంత్రానికి ముగ్గుర్ని కీపర్ క్యాచ్‌లకి అవుటిచ్చాడు. ముగ్గురూ కిక్కురుమనకుండా వెళ్ళిపోయారు. రెండో అంపైరుగా నిలబడే మందులషాపాయన్ని, "ఆ మూడోది కరెక్టే కదండీ?" అని మాటవరసకి అడిగాడు.

"మీరిచ్చాక ఇంకేముంది సార్" అన్నాడాయన, నీళ్ళ సీసా మూత తిప్పుకుంటూ.

గురువారం ఆటలేదు. ఆయన వరండాలో కూర్చుని బూట్లకి సుద్ద పూసుకుంటున్నాడు. బట్టలు నానబెడుతున్న భార్య పెరటి గుమ్మంలోకి వచ్చి చెయ్యి పైకెత్తింది.

"నా చేతిలో ఏముందో చెప్పండి."

"గరిటె. ఏం, వంట నన్ను చెయ్యమంటావా?"

"గరిటె కాదు. డాక్టరు చీటీ. మీ చొక్కా జేబులో దొరికింది. నాలుగు నెలల కిందటి తారీకుంది."

ఆయన సుద్ద పూయడం ఆపలేదు. "ఆదివారం అయ్యాక చేయించుకుంటాను."

"ఆదివారంలోగా ఎవరి పిల్లాడి కొంప ముంచుతారో!"

"ఏడేళ్ళ అనుభవం నాది. చెవితో కూడా చెప్పగలను."

"బజార్లో కాటాలు కూడా చెవితోనే చూశారా?"

ఆవిడ చీటీ తెచ్చి ఆయన పక్కన పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఒక బూటు పెట్టి లోపలికెళ్ళింది. ఆ తర్వాత ఆదివారం దాకా ఇంట్లో అన్నం వడ్డించిన చప్పుడు తప్ప మాట లేదు.

ఫైనల్లో ఒకవైపు పేరున్న కోచింగ్ క్లబ్బు జట్టు. కొత్త దుస్తులు, కొత్త సంచులు, నడుం మీద చేతులు పెట్టుకుని గట్టు మీద పచార్లు చేసే కోచ్. రెండోవైపు కాలువ అవతలి కాలనీ పిల్లలు. ఒకరు అవుటై వస్తుంటే దారిలోనే ప్యాడ్లు విప్పించుకుని ఇంకొకరు కట్టుకెళ్ళేవారు. వాళ్ళలో ఒక ఎడమచేతి కుర్రాడున్నాడు. కాటా తాతకి వాడి మొహం ఎలా ఉంటుందో తెలియదు. వాడి బ్యాటు చప్పుడు మాత్రం తెలుసు. మిగతా పిల్లలు కొడితే కట్టె కొట్టినట్టుంటుంది, వాడు కొడితే తలుపు గొళ్ళెం సరిగ్గా పడ్డట్టుంటుంది.

ఆ రోజు వాడు అరవై రెండు కొట్టాడు. గెలవడానికి ఇంకా పంతొమ్మిది కావాలి, ఓవర్లు బోలెడున్నాయి. అకాడమీ వాళ్ళలో ఒకాయన కుర్చీ ముందుకి లాక్కున్నాడని ఎవరో అన్నారు. కాటా తాత వైపు నుంచి క్లబ్బు బౌలరు పరుగెత్తుకొచ్చాడు. బంతి వెళ్ళింది, పొగలో కలిసింది. టిక్‌మని చిన్న చప్పుడు. వెంటనే పదకొండు గొంతులు ఒక్కసారిగా లేచాయి. ముందుగా అనుకుని పాడే పాటలా ఒక్క గొంతూ వెనకబడలేదు.

ఆయన వేలెత్తాడు.

ఎడమచేతి కుర్రాడు కదల్లేదు. రెండడుగులు ముందుకొచ్చి, "తాతా, ప్యాడ్‌కి తగిలింది. బ్యాటుకి కాదు" అన్నాడు.

"అవుటన్నాను కదా బాబూ. నడు."

వాడు నడిచాడు. మిగతావాళ్ళు ఎనిమిది పరుగులు చేసి ఆలౌటయ్యారు. అరగంటలో అకాడమీ వాళ్ళు పేరు చెప్పేశారు. క్లబ్బు జట్టు కెప్టెన్ని తీసుకున్నారు. "ఆ ఎడమచేతి వాడు బాగానే ఆడాడు కానీ, చివరిదాకా నిలబడే గుణం లేదు" అన్నాడట కుర్చీ ముందుకి లాక్కున్నాయన.

సామాన్లు పెట్టే రేకుల షెడ్డులో కాటా తాత కోటు విప్పుతుంటే క్లబ్బు జట్టు కీపరు స్టంపులు తెచ్చి మూల పెట్టాడు. పద్నాలుగేళ్ళుంటాయేమో. గెలిచిన సంబరంలో ఉన్నాడు.

"ఒరేయ్, ఆ క్యాచ్... బ్యాటుకి తగిలిందా?" ఎందుకడిగాడో ఆయనకే తెలియదు.

వాడు నవ్వేశాడు. "లేదు తాతా, ప్యాడ్‌కే. మీరున్న వైపు నుంచి బౌలింగయితే అందరూ కలిసి గట్టిగా అరవమని మా కోచ్ సార్ చెప్పారు. మీకు కనపడదు కదా!" అన్నాడు. అనేశాక ఆయన మొహం చూసి నాలుక్కరుచుకుని పారిపోయాడు.

మందులషాపాయన గుమ్మంలోనే ఉన్నాడు. విన్నాడు.

"మీకూ తెలుసా?" అన్నాడు కాటా తాత.

"పోయినేడాది నుంచే తెలుసు సార్. అందరికీ తెలుసు. ఫైనలుకి మిమ్మల్నే వెయ్యమని ఆ కోచ్ సెక్రటరీని అడిగి మరీ వేయించుకున్నాడు."

"ఒక్క మాట చెప్పాలనిపించలేదా మీకు?"

ఆయన నేల చూపులు చూశాడు. "చెబితే మానేస్తారు. మీరు మానేస్తే వారమంతా రెండు పూటలా నేనే నిలబడాలి, షాపు మూసుకుని. అయినా మీరింత ఇష్టపడి చేస్తుంటే..."

ఎవరి మాటా వినని మనిషని తనని తెచ్చుకున్నారనే ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నాడు. ఈ ఏడాది తనని అట్టేపెట్టుకున్నది కళ్ళు కనపడని మనిషని. బజార్లో ఎంతమంది అడుగున మైనం అంటించారో పట్టుకున్నవాడు, తననే ఒక కాటాని చేసి తన అడుగున అంటిస్తే పోల్చుకోలేకపోయాడు.

బయట మైకులో ఆయన్ని పిలుస్తున్నారు. వెళ్ళి నిజం చెప్పేద్దామనే వెళ్ళాడు. వేదిక మీద సెక్రటరీ ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఎనిమిది సీజన్ల నిష్పక్షపాత సేవ అంటూ గాజు జ్ఞాపిక ఒకటి చేతిలో పెట్టాడు. ఆయన నోరు తెరిచాడు. మైకు సెక్రటరీ దగ్గరుంది. అడిగి తీసుకోవచ్చు. అడగలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఆయన తలవంచి దండం పెట్టి దిగొచ్చేశాడు. అంతకుముందెన్నడూ తన మీద తనకి అంత రోత కలగలేదు.

సోమవారం పొద్దున కమిటీకి ఉత్తరం రాశాడు. నాకు చూపు సరిగా లేదు, దాచిపెట్టాను, ఫైనల్లో ఇచ్చిన ఆ అవుటు తప్పు, ఆ కుర్రాడి పేరు అకాడమీ వాళ్ళు మళ్ళీ పరిశీలించేలా చూడండి అని. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. భార్య ఏమీ అనకుండా వేరే కాగితం మీద తిరగరాసి పెట్టింది. ఎడమచేతి వాడికి అక్క ఒకతి ఉందని, కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపులో పనిచేస్తుందని తెలుసుకుని, ముందు అక్కడికెళ్ళాడు.

ఆ అమ్మాయి కాగితం అందుకుని మిషను మీద పెట్టబోయి, ఆగి చదివింది. చివరిదాకా చదివింది. వెనక నిలబడ్డవాళ్ళు తొందరపెట్టినా తలెత్తలేదు.

"ఇది ఇస్తే మా తమ్ముణ్ణి తీసుకుంటారా?"

"తీసుకోరమ్మా. వాళ్ళు నిన్ననే వెళ్ళిపోయారు. అయినా నా వంతుగా..."

"మరి దేనికి రాశారు? మీ మనసు తేలికపడ్డానికా?"

ఆయన జేబులో చిల్లర వెతుక్కున్నాడు.

ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "నిన్న ఇంటికొచ్చి తగల్లేదక్కా, తగల్లేదక్కా అని ఒకటే ఏడుపు. నేనేమన్నానో తెలుసా? కాటా తాత తప్పు ఇవ్వడు, అవుటై వచ్చి పెద్దాయన మీద అబద్ధాలాడతావా అని చెంప పగలగొట్టాను. అమ్మ పోయాక వాడి మీద చెయ్యెత్తడం అదే మొదటిసారి." కాగితం మిషనులో పెట్టి మీట నొక్కింది. "ఎన్ని కాపీలు కావాలి?"

"రెండు" అన్నాడు.

రెండూ తీసి, అంచులు సరిచేసి చేతిలో పెట్టింది. "వాడితో నేను చెప్పుకుంటాను లెండి. మీరు ఇంటికి రాకండి" అని, వెనకున్నవాళ్ళ కాగితాల కోసం చెయ్యి చాపింది.

సెక్రటరీ ఉత్తరం చదివి మడతపెట్టి, గల్లాపెట్టె కింద దోపాడు. "పెద్దవారు, ఇప్పుడివన్నీ కెలకడం ఎందుకండీ? హాయిగా ఆపరేషన్ చేయించుకోండి. వచ్చే సీజనుకి మళ్ళీ మీరే" అన్నాడు.

ఆపరేషన్లు రెండూ బాగానే జరిగాయి. కట్టు విప్పిన రోజు భార్య మొహం మీద ఇన్ని ముడతలున్నాయా అని ఆశ్చర్యపోయాడు. "ఇప్పుడు చూశారా!" అని ఆవిడ అటు తిరిగింది. తర్వాతి సీజనుకి సెక్రటరీ పిలవలేదు. ఆయనా అటు వెళ్ళలేదు.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం బస్టాపులో, బెంచీ మీద కూర్చున్న కుర్రాడొకడు ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు. సన్నటి మొహం, గడ్డం కింద పుట్టుమచ్చ, చేతిలో టైపు క్లాసు పుస్తకం. ఆయన ఎప్పుడూ చూడని మొహం.

"కూర్చోండి" అన్నాడు వాడు. ఫైనల్లో ప్యాడ్‌కి తగిలిందన్న గొంతు అదేనని ఆయన గుర్తుపట్టాడు.

"బాబూ... ఆట..."

"మానేశానండీ." తాతా అనలేదు. కోపంగా కూడా అనలేదు. బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

కాటా తాత కూర్చోలేదు. ఖాళీగా ఉన్న బెంచీ పక్కనే నిలబడి ఉన్నాడు. "కూర్చుంటారా, నన్ను కూర్చోమంటారా?" అని సంచులు మోసుకొచ్చిన ఒకావిడ రెండుసార్లు అడిగాక, పక్కకి జరిగి దారిచ్చాడు.