రాగిపట్టీలో ఎర్రమచ్చ

ఆ ఆరంతస్తుల భవనంలో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు. కింద చెప్పుల షాపు అమ్మాయి దగ్గర్నుంచి నాలుగో అంతస్తు పళ్ళ డాక్టరు దాకా అందరికీ ఆయన ఫ్యూజు బాబాయే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ భవనానికి ఎలక్ట్రీషియను. పొద్దున్నే వచ్చి, ఒక్కో అంతస్తులో ఆగి, కరెంటు బోర్డు తలుపు మీద కుడిచేతి వెనకవైపు ఆనించేవాడు, చంటిపిల్ల నుదురు తాకి జ్వరం చూసే తల్లిలాగా. "దీనికి ఒళ్ళు వెచ్చబడింది" అని ఆయన అన్నాడంటే లోపల ఎక్కడో బోల్టు వదులైనట్టే లెక్క.

ఆ చేతికి నాలుగు నెలలుగా ఏమీ తెలియడం లేదు.

మొదట కనిపెట్టింది ఆయన భార్య. పొగలు కక్కుతున్న టీ గ్లాసుని గుప్పిట్లో పట్టుకుని ఆయన తాపీగా పేపరు చదువుతుంటే ఆవిడకి అనుమానం వచ్చింది.

"కాలట్లేదూ?"

"కాలకేం, కాలుతోంది."

"మరి పట్టుకునే ఉన్నారే?"

"మగాణ్ణి కదా."

"మహా మగాడే! కింద పెట్టండి ముందు," అని లాక్కుంది. అప్పటినుంచి స్నానానికి ఆవిడే బక్కెట్లో ముంజేయి ముంచి చూసి, "ఇక వెళ్ళండి" అంటుంది. డాక్టరు దగ్గరికి మాత్రం ఆయన రానన్నాడు. "చూపిస్తే ఆఫీసుకి తెలుస్తుంది. తెలిస్తే ఇంట్లో కూర్చోబెడతారు. ఇంట్లో కూర్చుని రోజంతా నీ వంటకి వంకలు పెట్టనా?" ఆ మాటకి ఆవిడ నవ్వలేదు.

భవనంలో ఎవరికీ ఏమీ తెలియదు. బాబాయి అలవాటు ప్రకారం చెయ్యి ఆనిస్తూనే ఉన్నాడు. తలుపు చల్లగా ఉందో వేడిగా ఉందో తెలియక చెవి పెట్టి వినేవాడు, వాసన చూసేవాడు. చివరికి రిజిస్టర్లో "బాగుంది" అని రాసేవాడు. రాసేముందు పెన్ను కాస్త ఆగేది.

ఇలా ఉండగా ఒకరోజు మేనేజరు పిలిచి చెప్పాడు, వేడిని ఫొటో తీసే కెమెరాతో బుధవారం ఒకమ్మాయి వస్తుందని. ఈసారికి నేలమాళిగలో ఉన్న పెద్ద ప్యానెల్ ఒక్కటే చూస్తుందట. అంతస్తుల బోర్డులు వచ్చే ఏడాది.

"మీ చెయ్యి ఉండగా ఇదంతా ఎందుకు గానీ బాబాయ్, ఇన్సూరెన్సు వాళ్ళు ప్రాణం తీస్తున్నారు," అన్నాడు.

చేత్తో చూడలేనివాడు ఏం చెయ్యగలడో అదంతా బాబాయి చేశాడు. ఆదివారం షాపులు మూసి ఉండగా కరెంటు ఆపి, పెద్ద ప్యానెల్ లోపలి రాగిపట్టీలన్నీ తోమాడు. చుట్టాలొస్తున్నారంటే గిన్నెలు తోమినట్టు, మెరిసిపోయేదాకా తోమాడు. ప్రతి బోల్టూ బిగించాడు.

బుధవారం మధ్యాహ్నం, ఏసీలూ లిఫ్టులూ జోరుగా నడిచే వేళకి కెమెరా అమ్మాయి వచ్చింది. "కరెంటు బాగా లాగుతున్నప్పుడే జబ్బు బయటపడుతుందండీ," అంది. నేల మీద రంగు టేపుతో ఒక గీత వేసి మేనేజరుని దాని అవతల నిలబెట్టింది. బాబాయి మొహానికి అద్దం తొడుగూ, చేతులకి గ్లౌజులూ వేసుకుని ప్యానెల్ తలుపు తీశాడు. గీత వెనక్కి వచ్చి, తొడుగు తీసేసి, ఆమె భుజం మీంచి తెర వైపు చూశాడు.

తెరంతా నీలంగా ఉంది. మధ్య పట్టీ మీద మాత్రం, బోల్టు పక్కనే, ఎర్రటి మచ్చ.

బాబాయి ఆ బోల్టుని గుర్తుపట్టాడు. ఆదివారం తను బిగించిన బోల్టే అది. అంటే వేళ్ళలో పట్టు కూడా పోయిందన్నమాట.

"ఎరుపంటే ప్రమాదమేనా?" అన్నాడు మేనేజరు.

"ఒక్క నిమిషం, చూస్తున్నానండీ."

ఆమె చూసేలోపే బాబాయి నోరు విప్పాడు. "తప్పు నాదే సార్. నాకు చేతిలో స్పర్శ లేదు. నాలుగు నెలలైంది. తలుపుల మీద ఊరికే ఆనిస్తున్నాను. బాగుందని రాసినవాటిలో ఎన్ని నిజంగా బాగున్నాయో నాకే తెలియదు."

మేనేజరు తెర వదిలి ఆయన వైపు తిరిగాడు. "నాలుగు నెలలా? ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా బాబాయ్?"

బాబాయి తల వంచుకుని గోడ వైపు రెండడుగులు జరిగాడు. తెర మీద మచ్చ కూడా జరిగింది.

"బాబాయిగారూ, ఒకసారి ఇటు రండి," అంది కెమెరా అమ్మాయి.

వచ్చాడు. మచ్చా వచ్చింది.

"ఇప్పుడు మళ్ళీ అటు."

"నన్నెందుకమ్మా ఇలా తిప్పుతున్నావు?"

"మచ్చని తిప్పుతున్నానండీ. ఆ ఎర్రమచ్చ మీరే." ఆమె నవ్వేసి, వెంటనే నాలిక కరుచుకుంది. "నేనూ ముందే చూసుకోవాల్సింది. పట్టీలు ఎవరు తోమారు?"

"నేనే."

"అద్దంలా తోమారు. మెరిసే రాగి తన వేడి సరిగ్గా చూపించదండీ, ఎదురుగా ఉన్నవాళ్ళ ఒంటివేడి చూపిస్తుంది. దీని మీద నా కెమెరా ఏం చెప్పినా నమ్మడానికి లేదు. సాయంత్రం కరెంటు ఆపి మెరవని నల్లటేపు ముక్కలు అంటిద్దాం. రేపు వాటి మీద చూస్తే అసలు సంగతి తెలుస్తుంది."

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. బాబాయి అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"నాలుగో అంతస్తు బోర్డు కూడా చూడు తల్లీ. పోయిన వారం దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బాగుందనే రాశాను. నాకు నమ్మకం లేదు."

"అది ఈ ఏడాది లిస్టులో..." అని మొదలుపెట్టిన మేనేజరు ఆయన మొహం చూసి ఆగాడు. "పదండి," అన్నాడు.

నాలుగో అంతస్తు బోర్డు ఎవరూ తోమనిది, దుమ్ముపట్టి ఉంది. లోపల ఒక తీగ కొన దగ్గర తెర ఎరుపు కూడా దాటి తెల్లగా వెలిగింది. ఎనభై ఏడు డిగ్రీలు. పక్క తీగలు నలభై దాటలేదు. ముగ్గురూ ఎటు జరిగినా ఆ మచ్చ కదల్లేదు. గోడకి అవతల పళ్ళ డాక్టరు గదిలో చిన్నపిల్లెవరో నోరు తెరవనని ఏడుస్తోంది. మేనేజరు ఆ ఏడుపు వింటూ నిలబడిపోయాడు.

వెంటనే ఆ అంతస్తుకి కరెంటు ఆపారు. కాలిన కొన కత్తిరించి బాబాయి కొత్తగా బిగించాడు. బిగువు సరిపోయిందో లేదో కెమెరా అమ్మాయి చూసింది.

"డాక్టరుకి చూపించుకున్నాకే మళ్ళీ పనిలోకి రండి," అన్నాడు మేనేజరు.

"పని ఉంటుందా సార్?"

"ఏ బోర్డు మీద అనుమానపడాలో కెమెరాకేం తెలుసు బాబాయ్? మీరు రావాలి. కాకపోతే ఇకనుంచి తెలియకపోతే తెలియదనే రాయండి."

సాయంత్రం ఇంట్లో భార్య టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆయన వేళ్ళు దాని చుట్టూ చేరడం చూసి, "కాలుతోందా మగాడికి?" అంది.

మామూలుగా అయితే కాలకేం అనేవాడు.

"తెలియట్లేదే," అన్నాడు.

ఆవిడ గ్లాసు పక్కకి జరిపి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"పొద్దున్న ఎన్నింటికి బయల్దేరదాం?" అంది.