నవ్వులమ్మ ఇంట్లో మంచినీళ్ళు

లాంచీ నడిపే ఆయన దీవి రేవులో పెద్ద బోర్డు పెట్టించాడు: ప్రకృతి, సంస్కృతి, విశ్రాంతి. ఆ దీవిలో మిగిలిన కాపురం ఒక్కటే, నవ్వులమ్మది. చేపలు తగ్గాక తక్కినవాళ్ళంతా తలుపులకి తాళాలేసుకుని అవతలి ఒడ్డుకి పోయారు. వీళ్ళకి పోవడానికి ఇంకో చోటు లేదు. చెట్లు ప్రకృతి, వల అల్లుతూ పాటలు పాడే అత్త సంస్కృతి, ముందు గదిలో రెండు దూది పరుపులు విశ్రాంతి అని తనే చెప్పి నవ్వేది. మొగుణ్ణి సముద్రం మింగాక ఆ ఇద్దరాడవాళ్ళ పొయ్యి వెలిగేది లాంచీలో వచ్చే అతిథులిచ్చే ఆ గది అద్దెతోనే.

రెండు నెలల కిందట పెరటి బావి ఉప్పు తిరిగింది. ఆ మాట బయటికి పొక్కితే లాంచీ ఇంకో దీవికి మళ్ళుతుంది. అందుకని నవ్వులమ్మ గాలి లేని రోజు చూసి, మొగుడి చిన్న పడవ తనే తెడ్డేసుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్ళి, మంచినీళ్ళు తెచ్చి వంటింటి వెనక బిందెల్లో దాచి, పైన పాత చీర కప్పేది. అవి అతిథులకి. అత్తాకోడళ్ళకి బావి నీళ్ళే.

"సంస్కృతి నోరెండిపోతోందే కోడలా," అంది అత్త బొంగురు గొంతుతో. కాళ్ళు మోకాళ్ళ దాకా వాచాయి.

"రెండ్రోజులు ఓర్చుకో అత్తా. వీళ్ళు వెళ్ళగానే నీకో బిందె."

"ఆ లోపల నేనే వెళ్ళేలా ఉన్నాను."

వచ్చినవాళ్ళు రిటైరైన టీచరమ్మ, ఆవిడ చెల్లెలు. మూడో రోజు గాలి లేచింది. ఇంకో రెండ్రోజులు లాంచీ రాదు, పడవ దింపే వీల్లేదు. బిందెలు నాలుగే మిగిలాయి. నవ్వులమ్మ ఎండుపుల్లలు ఏరుకుని వచ్చేసరికి వాకిలంతా తడిగా ఉంది.

చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంటోంది. "ఒక్కదానివే ఎంతని చేస్తావమ్మా? వెనకాల నీళ్ళుంటే మొక్కలకి పోశాను, వాకిలి కడిగాను. బిందెలు కూడా తోమి బోర్లించా."

నాలుగూ తళతళలాడుతున్నాయి. నవ్వులమ్మ వంటింటి వెనక్కి పోయి తడిమట్టి మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే కూర్చుంది.

ఇంతలో టీచరమ్మ టీ అడిగింది. కూజాలో మిగిలిన మంచినీళ్ళు గ్లాసుడే. నవ్వులమ్మ బావి నీళ్ళు మరిగించి, అల్లం దంచి వేసి, చక్కెర దిట్టంగా కలిపి ఇచ్చింది. చెల్లెలు అప్పటికి ఒడ్డున పిట్టల్ని చూడ్డానికి వెళ్ళింది. టీచరమ్మ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"బావి ఇలా అయి ఎన్నాళ్ళయింది?"

నవ్వులమ్మకి ఎంత తెచ్చుకున్నా నవ్వు రాలేదు. "రెండు నెలలండి."

"మరి మీరేం తాగుతున్నారు?"

"అవే."

టీచరమ్మ వసారాలో ముసలామె కాళ్ళకేసి చూసింది. "మా చెల్లికి చెప్పకు, తట్టుకోలేదు. లాంచీ ఆయనకి నేనూ చెప్పను. కానీ వచ్చే వారం ఇంకెవరో వస్తారు. వాళ్ళ దగ్గరా ఇలాగే దాస్తావా?"

"దాస్తానండి. దాచక?"

నవ్వులమ్మ కూజాలో ఉన్న నీళ్ళు ఇంకో గ్లాసులోకి వంచి టీచరమ్మ ముందు పెట్టింది. ఆవిడ ఆ గ్లాసుని ముసలామె వైపు జరిపింది. ముసలామె తల అడ్డంగా ఊపి, అతిథులవి, అంది. గ్లాసు ఇద్దరి మధ్యా అలా ఉండగానే చెల్లెలు ఎండలోంచి రొప్పుతూ వచ్చి, ఎత్తి గటగటా తాగేసింది.

"ఎంత తియ్యగా ఉన్నాయో ఇక్కడి నీళ్ళు. ఇంకో గ్లాసు పొయ్యమ్మా," అంది.